లోపల ఆర్గాన్ ఉన్నది

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాటి చిల్కానగర్ వైపు వచ్చే అడ్డరోడ్డులో ఒక షెడ్డు ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ పోరు. పోవలసి వస్తే బండి ఆపరు. బండి దానంతట అదే ఆగిపోతే దిగి చూడరు... తోసుకుంటూ పరుగెత్తుతారు.

ఒకప్పుడు అది బిస్కెట్ల ఫ్యాక్టరీ. మూతపడి చాలా ఏళ్ళయింది. వాన పడితే ఇప్పటికీ ఆ గోడల్లో నుంచి క్రీము బిస్కెట్ల వాసన వస్తుంది. దానికి ఎవరూ భయపడలేదు. తీపి వాసనకు భయపడేదేముంది?

భయం మొదలైంది మూలుగుతో.

సెకండ్ షిఫ్టు దిగి నడిచి వచ్చేవాళ్ళు మొదట విన్నారు. మనిషి మూలుగు కాదు. గొడ్డు మూలుగు కాదు. ఎవరో చాలా పెద్దవాడు నేల కింద పడుకొని ఊపిరి తీసుకుంటూ... తీసుకుంటూ... విడవడం మరిచిపోయినట్టు.

తరవాత గేటుకు ఒక బోర్డు వచ్చింది. ఎర్ర అక్షరాలు.

"లోపల ఆర్గాన్ ఉన్నది. చప్పుడు చేయరాదు."

మా ఏరియాలో ఆర్గాన్ అనే మాటకు రెండు అర్థాలు. వెల్డింగు చేసేవాళ్ళకు అది గ్యాసు. స్టీలు పైపులు అతికేటప్పుడు సిలిండర్‌లో నుంచి వదులుతారు. మిగిలిన అందరికీ అది దవాఖానాలో వినే మాట. గుండె, కాలేయం, కిడ్నీలు. మూడో అర్థం ఒకటి ఉందని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

గ్యాసుకు చప్పుడుతో ఏం పని? చప్పుడు చేయరాదని రాసేది దవాఖానాలోనే. కాబట్టి రెండోదే అని జనం తేల్చారు. ఎవరెవరివో గుండెకాయలు లోపల దాచారు. రాత్రయితే అవి తమ మనుషుల కోసం మూలుగుతున్నాయి.

దెయ్యాలు లేవని నేను అప్పుడూ అన్నాను. ఇప్పుడూ అంటాను. కానీ బుచ్చిరాములు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇనుముకు అతుకు పెట్టడం అతని పని. మాటకు అతుకు పెట్టడం అతనికి రాదు.

బుచ్చిరాములు ఆర్గాన్ వెల్డర్. చిల్కానగర్‌లో రెండు గదుల ఇల్లు. ఇంట్లో భార్య రాణి, తల్లి కౌసల్యమ్మ. తమ్ముడు రమేష్ ఉండేవాడు. పోయిన ఏడాది ఉప్పల్ చౌరస్తా దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. తల లోపల దెబ్బ. దవాఖానాలో మిషను గాలి ఊదుతుంటే ఛాతీ లేచేది, పడేది. గుండె కొట్టుకుంటూనే ఉంది. మెదడు పోయింది, ఇంక మనిషి లేడు అన్నారు డాక్టర్లు. ఆర్గాన్లు ఇస్తే నలుగురు బతుకుతారు అన్నారు.

బుచ్చిరాములు సంతకం పెట్టాడు.

కౌసల్యమ్మకు ఒక్కటే అర్థమైంది. గుండె కొట్టుకుంటుంటేనే ఇచ్చేశాడు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. అన్నం, రమేష్‌కు ప్రాణమైన బోటీ కూర, ఒక కల్లు సీసా. కాకులు వచ్చాయి. గోడ మీద వరుసగా కూర్చున్నాయి. చూశాయి... ఒక్కటి కూడా ముట్టలేదు. పదకొండో రోజు మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే వరుస, అవే చూపులు. పిట్ట ముట్టకపోతే పోయినవాడు ఇంకా పోలేదని లెక్క.

"సగం మనిషి ఎట్ల తింటడు?" అంది కౌసల్యమ్మ.

ఆ తరవాత పెద్ద కొడుకుతో మాట్లాడడం మానేసింది.

ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోతే ఎట్లా కుదురుతుంది? అందుకని వస్తువులకు చెప్పేది. "ఫ్రిజ్జూ, గాయినకు చెప్పు, పాలు ఇరిగిపోయినయి." "ఫ్యానూ, గాయినను అడుగు, బువ్వ తింటడా, తినడా." బుచ్చిరాములు కూడా ఫ్రిజ్జును చూసే జవాబు చెప్పేవాడు. అట్లా ఏడాది గడిచింది. సంవత్సరికం దగ్గరికి వచ్చింది. ఈసారీ పిట్ట ముట్టకపోతే తల్లి నోటి నుంచి తన పేరు ఇక ఎప్పుడూ వినపడదని బుచ్చిరాములుకు తెలుసు.

అప్పుడు ఫోన్ వచ్చింది.

ఆడమనిషి గొంతు. ఆయాసం.

"మీరు... ఆర్గాన్ పైపులు... చూస్తారట కదండీ?"

"గదే మన పని మేడం."

"ఒక పైపు చీలింది. గాలి పోతోంది. బిస్కెట్ల షెడ్డు... తెలుసా మీకు?"

తెలుసు. పైగా ఫోన్ స్పీకర్‌లో ఉంది. వంటింటి గడపలో కౌసల్యమ్మ నిలబడి ఉంది.

"ఫ్రిజ్జూ," అంది మెల్లగా. "నా కొడుకు గుండె ఏడున్నదో దొరికింది."

"గది గ్యాసని చెప్పు," అన్నాడు బుచ్చిరాములు ఫ్రిజ్జుతో. "నేను రోజు జేసే పనే. దాంట్ల గుండెకాయలు ఉండయి."

"దవాఖానాల డాక్టరు ఏమన్నడో అడుగు. ఆర్గాన్ అనలే? మరి గాయిన గ్యాసు సిలిండర్ ఇస్తున్న అనుకొని సంతకం పెట్టిండా?"

బుచ్చిరాములు ఫ్రిజ్జు తలుపు తెరిచి, ఊరికే మళ్ళీ మూశాడు.

రాణి మధ్యలోకి వచ్చింది. "అత్తా, గవి ఐసు డబ్బల పెట్టి గప్పుడే తీస్కపాయె గదా. ఏడాది దాక ఎవడన్న దాస్తడా?"

"అందుకే మూలుగుతున్నది. ఐసుల పెడితే సలి పెట్టదానే?"

కౌసల్యమ్మ అటక మీది నుంచి నాలుగు గిన్నెల టిఫిన్ దించింది. పై గిన్నెలో బోటీ కూర పెట్టింది. దాని కింద అన్నం. మిగిలిన రెండు గిన్నెలూ వేడినీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి, ఖాళీగానే బిగించింది.

"గవెందుకత్తా?"

"ఒకదాంట్ల గుండె. ఇంకోదాంట్ల... ఏది దొరికితే గది."

రాణి నోటికి చెంగు అడ్డం పెట్టుకొని లోపలి గదిలోకి పోయింది. నవ్వడానికో ఏడవడానికో బుచ్చిరాములుకు తెలియలేదు. ఆమెకూ తెలిసి ఉండదు.

బండి మీద తల్లీకొడుకులు బయలుదేరారు. వెనక సీటు నుంచి కౌసల్యమ్మ చెప్తూనే ఉంది. "టిఫినూ, జర మెల్లగ పొమ్మను. కూర ఒలుకుతది."

అడ్డరోడ్డు మలుపులో వీధి దీపాలు అయిపోయాయి. షెడ్డు గేటు ముందు ఇంజను ఆపాడు.

ఏమీ లేదు. కీచురాయి కూడా లేదు.

అప్పుడు... ఊపిరి.

సన్నగా. గోడ అవతల ఎవరో నిద్రలో తీసుకున్నట్టు. అది స్వరం కాదు, ఉత్త గాలి. గొంతు తెచ్చుకోవాలా వద్దా అని ఆ గాలి ఆలోచిస్తున్నట్టు. తీసుకుంటోంది... తీసుకుంటోంది... విడవదు.

"ఇంటికి పోదామా అని అడుగు," అన్నాడు బుచ్చిరాములు టిఫిన్‌తో.

"ఏడాది సంది వాడు ఒక్కడే పడున్నడు. పోయెటోళ్లను పొమ్మను."

గేటు తోసింది.

గాలికి గొంతు వచ్చింది. ఒక గొంతు కాదు. ఒకదాని మీద ఒకటి పడి, నలిగి, సందు లేకుండా ఇరుక్కొని — ఉప్పల్ చౌరస్తాలో బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ ఒకేసారి హారన్ నొక్కి వదలకపోతే ఎట్లా ఉంటుందో, అట్లా. కానీ అందులో కోపం లేదు. ఏడుపూ లేదు. చిన్న గదిలో పెద్ద గుంపు ఊపిరి బిగబట్టి నిలబడినట్టు ఉంది. రేకులు వణికాయి. టిఫిన్ గిన్నెలు గలగలలాడాయి. బుచ్చిరాములు పళ్ళు కూడా.

ఠక్కున అంతా ఆగింది.

మిగిలింది ఒక్కటే. కింద నుంచి. అది చెవులకు కాదు, అరికాళ్ళకు వినపడింది.

దుబ్... దుబ్... దుబ్...

కౌసల్యమ్మ నడిచేదల్లా నిలబడిపోయింది. ఒక చెయ్యి తనంతట తానే కడుపు మీదికి పోయింది.

"గదే," అంది గుసగుసగా. "కడుపుల ఉన్నప్పుడు గిట్లనే కొట్టుకునేది."

తలుపు ఓరగా ఉంది. లోపల ఒక చిన్న దీపం. దీపం వెనక గోడ నిండా పైపులు. చిటికెన వేలంతవి మొదలుకొని కరెంటు స్తంభం అంత వాటి దాకా. వాటి ముందు వీపు తిప్పి ఒక మనిషి. తెల్ల జుట్టు విరబోసి ఉంది. ఒక మోచెయ్యి గాలిలో ఎత్తి ఉంది, ఇంకో చేతి వేలు బల్ల మీద నొక్కి ఉంది. ముఖం నుంచి ఒక గొట్టం వేలాడుతోంది.

ఆమె తిరిగి చూసింది.

చీకట్లో ముసలామె. చేతిలో టిఫిన్. వెనక గజగజ వణుకుతూ ఒక మగమనిషి.

"అమ్మో!" అని ఆమె కెవ్వుమంది. "అవ్వో!" అని బుచ్చిరాములు కెవ్వుమన్నాడు. ఆమె వెనక్కి ఒరిగి బల్ల మీద పడింది. అప్పుడు గోడ మీది పైపులన్నీ ఒక్కసారి కెవ్వుమన్నాయి.

అరవనిది కౌసల్యమ్మ ఒక్కతే.

"బయపడకు సెల్లె," అంది. "అన్నం దెచ్చిన."

ఆ గొట్టం ఆయాసానికి మందు పీల్చే మాస్కుది. దాన్ని తీసి ఆమె చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. పేరు ఛాయాదేవి. భూకంపాలు కొలిచే ఆఫీసులో సైంటిస్టుగా చేసి రిటైరయింది. ఆంధ్రా వైపు మనిషి.

"ఆర్గాన్ గిదేనా?" అని అడిగింది కౌసల్యమ్మ.

"ఇదేనమ్మా."

"ఏడికెళ్లి వచ్చింది?"

"ఒకాయనది. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు ఇచ్చేశారు. ఊరికే పాడైపోయే బదులు ఎవరికో ఒకరికి పనికొస్తే చాలన్నారు."

కౌసల్యమ్మ టిఫిన్ వైపు చూసింది. "సూసినవా? గివే మాటలు. దవాఖానాల గిట్లనే అన్నరు." మళ్ళీ ఛాయాదేవి వైపు తిరిగింది. "ఐసు డబ్బల వచ్చిందా?"

"లేదండీ, లారీలో."

"లారీలనా!"

"రెండు లారీలు. గుమ్మంలో పట్టలేదు. గోడ కొట్టించాల్సి వచ్చింది."

కౌసల్యమ్మ ముఖంలో భయం పోయి గర్వం వచ్చింది. "వాని గుండె పెద్దదే," అంది.

ఛాయాదేవికి ఏమీ అర్థం కాలేదు. తన వాయిద్యం గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. అందుకని చెప్పుకుంటూ పోయింది. "ఆ మూలన చూడండి. రెండు చెక్క పైపులు, అన్నిటికన్నా పెద్దవి. రెండిటిదీ ఒకటే స్వరం. ఒకదాన్ని మాత్రం వెంట్రుకవాసి తప్పించి పెట్టాను. రెండూ కలిసి పలికితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపులాటే మీకు వినపడింది. ఒంటరిగా ఏదీ కొట్టుకోదు."

"అన్నదమ్ముల లెక్క," అంది కౌసల్యమ్మ టిఫిన్‌తో.

బుచ్చిరాములు తల దించుకున్నాడు.

"ఇంటికి తీస్కపోత సెల్లె. గీ గిన్నెల పడుతదా?"

ఛాయాదేవి గిన్నె వైపు చూసింది. కరెంటు స్తంభమంత పైపు వైపు చూసింది. సైంటిస్టు కదా, మళ్ళీ ఒకసారి గిన్నె వైపు చూసింది.

"పట్టదమ్మా... అయినా కదిపితే పోతుంది. ఇక్కడ మోటారు గాలి ఇస్తోంది కాబట్టి బతికి ఉంది."

"బతికున్నదా?"

"మీరు విన్నారుగా."

కౌసల్యమ్మ ఆ మూలకు పోయింది. చెక్క మీద అరచెయ్యి ఆనించింది. ఛాయాదేవి ఏమనుకుందో, బల్ల మీది మెట్ల వరుసలో ఒక కీ వేలితో నొక్కింది. దుబ్... దుబ్... కౌసల్యమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి ఖాళీ గిన్నెలు రెండూ మళ్ళీ టిఫిన్‌లో బిగించుకుంది.

"అవ్వా, గిది బాజా," అన్నాడు బుచ్చిరాములు. ఈసారి టిఫిన్ వైపు చూడడం మరిచిపోయాడు. "హార్మోనియం అసొంటిది. జర పెద్దది. గంతే."

"హార్మోనియానికి గుండె కొట్టుకుంటదా అని అడుగు, టిఫినూ."

ఆర్గాన్ అనే మాటకు మూడో అర్థం అట్లా తెలిసింది. తెలిసిన మరునాడే బుచ్చిరాములు ఏరియా అంతా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చీలిన పైపు పని కూడా కాలేదు. అది సన్నటి తగరం. అతని మంట తగిలితే ఆవిరైపోయేది. టేపు చుట్టి వచ్చాడు.

కౌసల్యమ్మ మాత్రం ఆ రోజు నుంచి పొద్దు గూకగానే షెడ్డుకు పోయేది. పైపు మీద చెయ్యి పెట్టి కూర్చునేది. ఛాయాదేవి సాధన చేసుకునేది. ఆమె వాయించేది సొంతంగా రాసుకున్న రచన. దాని పేరు 'ఉబ్బసం.' అందులో రాగం లేదు, తాళం లేదు, పాడుకోవడానికి ఒక్క ముక్క లేదు. మొదట సగం గాలితో ఒక్క పైపు, పలికీ పలకనట్టు. తరవాత మోచేతులతో అన్ని స్వరాలూ కలిపి తొక్కేయడం. తరవాత ఆ రెండు పైపులు. చివర కీలు నొక్కుకొనే ఉండేలా వాటి మీద సీసం ముక్కలు పెట్టి, లేచి పోయి, మోటారు మెయిన్ స్విచ్ దించేయడం. గాలి అయిపోతుంటే ఒక్కో పైపూ గొంతు జారి, పక్కవాటితో శ్రుతి తప్పి, ఆగిపోతుంది. అంతే.

సాధనలో ఆ చివరి భాగం వాయించేది కాదు. అది కచేరీ రోజుకే అని దాచుకుంది. కచేరీ శనివారం సాయంత్రం. ఆదివారం పొద్దున రమేష్ సంవత్సరికం. "పిట్టకు గాడనే పెడుదమని చెప్పు, ఫ్రిజ్జూ," అని కౌసల్యమ్మ అప్పటికే తేల్చేసింది.

బుచ్చిరాములు గేటు దగ్గర ఛాయాదేవిని పట్టుకున్నాడు. విషయం అంతా చెప్పాడు. ఆమె గోడకు ఆనుకొని మందు పీల్చుకుంది.

"ఆకర్న మోటారు బంద్ చెయ్యకున్రి మేడం."

"ఆగాలి బుచ్చిరాములు గారూ. ఆగకపోతే అది ఉబ్బసం కాదు. చిన్నప్పటి నుంచి ప్రతి రాత్రీ ఇదే ఆఖరి ఊపిరి అనుకుంటూ పడుకున్నాను. ఆ ఆఖరిది ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలి. దాని కోసమే ఇదంతా రాశాను."

"ఒక్కసారి నేను సంతకం పెట్టి బంద్ చేయించిన. అవ్వ ముంగట రెండోసారి బంద్ గావద్దు."

"నన్ను క్షమించండి. అది అలాగే ముగుస్తుంది."

ఇద్దరూ మొండివాళ్ళే. కానీ ఒకరి దగ్గర వెల్డింగ్ మిషను ఉంది.

శుక్రవారం సాయంత్రం పైపుకు టేపు మారుస్తానని చెప్పి బుచ్చిరాములు ఒక్కడే షెడ్డులోకి పోయాడు. కచేరీ దాకా శ్రుతి కదలకూడదని ఛాయాదేవి మోటారును ఆపకుండా నడుపుతోంది. అతను పక్క షెడ్డు నుంచి వైరు లాగాడు. మెయిన్ స్విచ్‌కు ఇనప హ్యాండిల్ ఉంటుంది, పైకి ఉంటే ఆన్, కిందికి దించితే ఆఫ్. ఆ హ్యాండిల్‌ను పైకి ఉన్నట్టే పెట్టి డబ్బాకు అతికేశాడు. రెండే చుక్కలు. దగ్గరికి పోయి చూసినా కనపడవు.

కచేరీకి హబ్సిగూడ నుంచి, తార్నాక నుంచి రిటైరైన సైంటిస్టులు వచ్చారు. సంగీతం తెలిసిన ఒక లాల్చీ ఆయన వచ్చాడు. మా ఏరియా వాళ్ళు గేటు బయటే నిలబడ్డారు, పరుగెత్తడానికి వీలుగా బండ్లు తిప్పి పెట్టుకొని. కౌసల్యమ్మ పైపు దగ్గర తన చోట్లో కూర్చుంది.

ఆకాశం నల్లబడింది. గాలి లేచింది.

అంతా అనుకున్నట్టే జరిగింది. ఊపిరి... తొక్కిడి... దుబ్, దుబ్... ఛాయాదేవి సీసం ముక్కలు కీల మీద పేర్చింది. పైపులన్నీ గుమ్మని నిలబడ్డాయి. ఆమె లేచి, జనం మధ్య నుంచి నడిచి, స్విచ్ హ్యాండిల్ పట్టుకొని కిందికి లాగింది.

రాలేదు.

రెండు చేతులతో లాగింది. రాలేదు. ఒక కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. చివరికి రెండు కాళ్ళూ పైకెత్తి హ్యాండిల్‌కు వేలాడింది. వయసు అరవై దాటిన సైంటిస్టు, పట్టుచీర, గాలిలో. పైపులు గుమ్మంటూనే ఉన్నాయి.

"ఆహా..." అన్నాడు లాల్చీ ఆయన గుసగుసగా. "ముగింపును నిరాకరించడం! ఎంత సాహసం!"

చప్పట్లు మొదలయ్యాయి.

వేలాడుతూనే ఛాయాదేవి బుచ్చిరాములు వైపు చూసింది. బుచ్చిరాములు రేకుల వైపు చూశాడు.

అప్పుడు ఉరిమింది. వాన పడింది. క్రీము బిస్కెట్ల వాసన గుప్పుమంది.

కరెంటు పోయింది.

హ్యాండిల్‌ను అతికినవాడు కరెంటు తీగలను ఏం చేయగలడు? కటిక చీకటి. మోటారు తిరుగుడు తగ్గింది... తగ్గింది... చిన్న పైపులు మొదట వణికాయి. పెద్దవి గొంతు జారాయి. ఎవరో కొండంత మనిషి మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, ఆఖరి గాలి వదిలినట్టు — హా...

ఛాయాదేవి కోరుకున్న ముగింపు అదే. చీకట్లో ఆమె వెక్కిళ్ళు వినపడ్డాయి. బుచ్చిరాములు చెవులు మూసుకున్నాడు. ఇంక తల్లి వైపు చూడలేను అనుకున్నాడు.

నిశ్శబ్దం. రేకుల మీద వాన.

"ఆగలే," అంది కౌసల్యమ్మ.

ఎవరూ కదలలేదు.

"ఇనున్రి... ఆగలే."

దుబ్...

తన గుండె అనుకున్నాడు బుచ్చిరాములు. చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అతని గుండె అంత మెల్లగా లేదు.

దుబ్...

"మోటారు గాలి నింపే తిత్తిలో ఇంకా కొంచెం మిగిలి ఉంటుందండీ," అంది ఛాయాదేవి. సైంటిస్టు గొంతు తెచ్చుకుంది. "ఒక్క నిమిషం వస్తుంది. అంతే."

కరెంటు తెల్లారినా రాలేదు.

జనం ఫోన్ లైట్లు పట్టుకొని ఎప్పుడో వెళ్ళిపోయారు. లాల్చీ ఆయన అందరికన్నా ముందు. లోపల ముగ్గురే మిగిలారు. ఛాయాదేవి పోయి మోటారు ముట్టుకొని వచ్చింది. చల్లగా ఉంది. తిత్తిలో చెయ్యి పెట్టి చూసింది. ఎవరో తల పెట్టి లేచిన దిండులా అణిగి ఉంది. వచ్చి మందు పీల్చుకొని కూర్చుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ చూసింది. దుబ్... దుబ్... కౌసల్యమ్మ చెయ్యి తియ్యలేదు. బుచ్చిరాములు తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె జరగమనలేదు.

తెల్లవారుతుంటే రాణి టిఫిన్ తెచ్చింది. షెడ్డు బయట పిట్టగోడ మీద విస్తరి వేశారు. అన్నం, బోటీ కూర, కల్లు. బుచ్చిరాములు దండం పెట్టి వెనక్కి జరిగాడు. తలుపు తెరిచే ఉంది. లోపలి చప్పుడు బయటికి వినపడుతూనే ఉంది.

కాకులు వచ్చాయి. వరుసగా కూర్చున్నాయి. చూశాయి. అదే వరుస. అవే చూపులు.

బుచ్చిరాములు మళ్ళీ దండం పెట్టాడు.

ఒక కాకి గోడ మీద రెండు గెంతులు వేసింది. మెడ తిప్పి షెడ్డు లోపలికి చూసింది, ఎవరో పిలిచినట్టు. తరవాత వంగి, బోటీ ముక్క ముక్కున పట్టుకుంది.

లోపల — దుబ్.

దాని తరవాతిది రాలేదు.

ఎంతసేపు విన్నా రాలేదు. కాకులన్నీ దిగి విస్తరి మీద పడ్డాయి.

"బుచ్చీ," అంది కౌసల్యమ్మ.

అలవాటు కొద్దీ అతను టిఫిన్ వైపు చూశాడు.

"గాడ ఏం జూస్తున్నవ్‌ర? నిన్నే. పిట్ట ముట్టింది బిడ్డా... తమ్ముడు తిన్నడు. దా, నువ్వు గూడ ఇంత తిను."

కరెంటు మధ్యాహ్నం వచ్చింది. హ్యాండిల్ పైకే ఉంది కదా, మోటారు దానంతట అదే లేచింది. కీల మీది సీసం ముక్కలు అట్లాగే ఉన్నాయి. గోడ మీది పైపులన్నీ ఒక్కసారి పలికాయి. ఆ మూలన ఉన్న జతలో మాత్రం ఒకటే పలికింది. నిటారుగా, కొట్టుకోకుండా. వెంట్రుకవాసి తప్పించి పెట్టింది పలకలేదు.

దెయ్యాలు లేవు. నేను ఇప్పటికీ అదే అంటాను. ఎలుక దూరి ఉంటుంది, చెక్క వాన తడికి ఉబ్బి ఉంటుంది. ఛాయాదేవి కూడా అట్లాగే అనుకుంది. మనుషులను పెట్టి పైపు దింపించి, విప్పి, తుడిచి, గాలి పెట్టి చూసింది. చీలిక లేదు, ఎలుక లేదు, తడి లేదు. గాలి ఇటు పోతోంది, అటు వస్తోంది. చప్పుడు మాత్రం లేదు. చివరికి బుచ్చిరాములుకు ఫోన్ చేసింది.

"ఆర్గాన్ పైపు... ఒకసారి చూస్తారాండీ?"

అతను వచ్చాడు. పైపు మూతి దగ్గర టార్చి వేసి చూశాడు. చెయ్యి పెట్టి చూశాడు. చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"పైపుకు ఏం కాలే మేడం," అన్నాడు గుసగుసగా. "ఖాళీ అయ్యింది."